జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధి చెందిన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన తెలుగు పారిశ్రామికవేత్త, యంత్ర నిర్మాత, రవాణా సంస్థ వ్యవస్థాపకుడు. ఈయనను భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు. బడి చదువు అంతగా లేకపోయినా ఒక పాత మోటారు సైకిలును విప్పి, తిరిగి బిగించి యంత్రవిద్యను స్వయంగా నేర్చుకున్నాడు. ఒకే ఒక బస్సుతో మొదలుపెట్టిన యూనివర్సల్ మోటార్ సర్వీస్ దక్షిణ భారతంలో పేరెన్నికగన్న రవాణా సంస్థగా ఎదిగింది. 1937లో దేశీయంగా తయారైన తొలి విద్యుత్ మోటారు ఈయన కర్మాగారం నుండే వెలువడింది. 1952లో రెండు వేల రూపాయల ఖరీదు గల రెండు సీట్ల కారును రూపొందించాడు, కానీ ప్రభుత్వ అనుమతి లభించక దాని ఉత్పత్తి ఆగిపోయింది.

బాల్యం

నాయుడు కోయంబత్తూరుకు సమీపంలోని కలంగల్ గ్రామంలో తెలుగు మాట్లాడే వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. కుప్పం దాటి దక్షిణానికి వెళితే కృష్ణగిరి, ధర్మపురి, సేలం మీదుగా కోయంబత్తూరు వరకు ఇళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలు నేటికీ అనేకం ఉన్నాయి. వీరిలో చాలామంది పూర్వీకులు విజయనగర, నాయక రాజుల కాలంలో అక్కడికి తరలివెళ్ళినవారు. వీరికి ఇంటి భాష తెలుగు, బడి భాష, బజారు భాష తమిళం. నాయుడు కూడా అటువంటి ఇంటిలోనే పెరిగాడు.

పసితనంలోనే తల్లి మరణించగా మేనమామ ఇంట పెరిగాడు. చదువు మీద ఏమాత్రం ఆసక్తి ఉండేది కాదు. బడి తప్పించుకోవడానికి ఉపాధ్యాయుని ముఖాన ఇసుక చల్లి పారిపోయాడనే కథ ఒకటి ప్రచారంలో ఉంది. ప్రాథమిక తరగతులతోనే చదువు ఆగిపోయింది. ఆ తరువాత పొలం పనులు చూసుకుంటూ, చేతికి దొరికిన పుస్తకాలను తనంతట తానే చదువుకున్నాడు.

మోటారు సైకిలు

నాయుడు జీవితాన్ని మలుపు తిప్పినది ఒక మోటారు సైకిలు. లంకాషైర్ అనే ఆంగ్లేయ రెవెన్యూ అధికారి కలంగల్ పరిసరాలకు రడ్జ్ కంపెనీ మోటారు సైకిలుపై వచ్చేవాడు. అది 1912 నాటి బండి. ఎద్దుగాని, గుర్రంగాని లేకుండా దానంతట అదే పరుగెత్తే ఆ బండిని చూసి యువకుడైన నాయుడు ముగ్ధుడయ్యాడు. ఒకనాడు ఆ బండి దారిలో ఆగిపోయిందనీ, అధికారి కిరసనాయిలు, గుడ్డపీలికలు తెప్పించుకొని బాగు చేసుకుంటుండగా నాయుడు దగ్గరుండి చూశాడనీ జీవితచరిత్రలు చెబుతాయి. ఎలాగైనా ఆ బండిని తన సొంతం చేసుకోవాలనుకున్నాడు. అందుకోసం ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సుమారు మూడేళ్ళు సర్వరుగా పనిచేశాడు. కూడబెట్టిన సొమ్ములో మూడువందల రూపాయలు చెల్లించి అదే అధికారి వద్ద ఆ బండిని కొన్నాడు. కొన్న తరువాత దానిని నడుపుకుంటూ తిరగడంతో తృప్తి పడలేదు. భాగాలన్నీ ఊడదీసి, మళ్ళీ యథాతథంగా బిగించాడు.

ఈ పని ఎంత కష్టమో అర్థం కావాలంటే ఆ కాలపు బండ్ల నిర్మాణం గురించి కొంత తెలుసుకోవాలి. ఇంగ్లాండులోని కోవెంట్రీ నగరానికి చెందిన రడ్జ్-విట్‌వర్త్ మొదట సైకిళ్ళ కంపెనీ. 1911 నుండి మోటారు సైకిళ్ళు అమ్మసాగింది. ఆ తొలి బండ్లలో బాగా పేరు పొందినది 499 సి.సి. పరిమాణం గల ఒంటి సిలిండరు బండి. గాలి, పెట్రోలు మిశ్రమాన్ని లోపలికి పంపే వాల్వు సిలిండరు పైభాగంలోను, పొగను బయటకు పంపే వాల్వు ప్రక్కన ఉండేవి. నిప్పురవ్వను పుట్టించేది బ్యాటరీ కాదు, ఇంజనుతో పాటు తిరిగే మాగ్నెటో. ఇంజను శక్తి వెనుక చక్రానికి చేరేది గొలుసు ద్వారా కాక బెల్టు ద్వారా. వానలో తడిస్తే బెల్టు జారేది, పాతబడితే సాగేది. బండి నడిపేవాడు మెకానిక్కు కూడా కాక తప్పేది కాదు.

1912 ప్రాంతంలో ఇదే కంపెనీ మల్టీ అనే రకం బండిని తెచ్చింది. అందులో గేర్ల పెట్టె లేదు. ఇంజను వద్ద ఉన్న పుల్లీ రెండు పళ్ళేలుగా ఉండేది. మీటను కదిపినప్పుడు ఆ పళ్ళేలు దగ్గరైతే బెల్టు పైకి ఎక్కేది, దూరమైతే క్రిందికి దిగేది. బెల్టు వదులు కాకుండా వెనుక పుల్లీ దానికి సరిగ్గా వ్యతిరేకంగా కదిలేది. ఎత్తెక్కేటప్పుడు నిదానంగా, చదునైన దారిలో వేగంగా వెళ్ళడానికి ఈ ఏర్పాటు ఉపయోగపడేది. రడ్జ్ బండి 1914లో ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలో జరిగే ప్రసిద్ధ టి.టి. పందెంలో సీనియర్ విభాగాన్ని గెలుచుకుంది. అంటే నాయుడు చేతికి వచ్చినది ఆనాటి మేలైన పందెపు బండ్ల కంపెనీ తయారుచేసిన యంత్రమన్నమాట.

ఇటువంటి ఇంజనును విప్పడం ఎవరైనా చేయగలరు. తిరిగి బిగించి నడిపించడమే అసలు పరీక్ష. వాల్వు ఏ క్షణాన తెరుచుకోవాలి, పిస్టను పైకి చేరడానికి ఎంత ముందుగా నిప్పురవ్వ పడాలి అనే లెక్క తప్పితే ఇంజను పలకదు, లేదా ఎదురు తిరిగి తన్నుతుంది. పిస్టను చుట్టూ ఉండే రింగులు అరిగితే బలం పోతుంది. విడిభాగాలు సముద్రం దాటి రావలసిన రోజుల్లో, కోయంబత్తూరు వంటి చోట వాటిని అరగదీసో, సానబట్టో, కొత్తగా చేసుకొనో సరిపెట్టుకోవాలి. నేర్పే గురువు లేని చోట నాయుడు ఈ విద్యను ఆ బండి దగ్గరే నేర్చుకున్నాడు. తరువాతి కాలంలో ఆయన పేరిట వచ్చిన వస్తువులను గమనిస్తే అన్నింటిలోను ఇదే పద్ధతి కనిపిస్తుంది. బయటి నుండి వచ్చిన యంత్రాన్ని విప్పి చూడటం, అది ఎందుకలా ఉందో తెలుసుకోవడం, ఇక్కడ దొరికే సరుకుతో, ఇక్కడి అవసరానికి తగినట్లు, తక్కువ ఖర్చుతో మళ్ళీ చేయడం.

ప్రత్తి వ్యాపారం

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో నాయుడు తిరుప్పూరులో ప్రత్తి జిన్నింగు మిల్లు నడిపి బాగా సంపాదించాడు. ఆ ధైర్యంతో బొంబాయి వెళ్ళి ప్రత్తి వ్యాపారంలో దిగి, అక్కడి పెద్ద వర్తకుల ముందు నిలబడలేక సొమ్మంతా పోగొట్టుకొని తిరిగి వచ్చాడు.

యూనివర్సల్ మోటార్ సర్వీస్

కోయంబత్తూరులో వస్త్ర పరిశ్రమకు పునాది వేసినవారిలో ఒకడైన సర్ రాబర్ట్ స్టేన్స్ (1841-1936) నాయుడులోని పనితనాన్ని గుర్తించాడు. నాయుడు కొంతకాలం స్టేన్స్ సంస్థలో పనిచేశాడు కూడా. బొంబాయి నష్టం తరువాత స్టేన్స్ ప్రోత్సాహంతో, కొంత సొమ్ము అప్పుగా తీసుకొని, ఒక బస్సు కొన్నాడు. 1920లో పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య ఆ బస్సును తానే నడిపాడు. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం కనుక యాత్రికులకు కొదువ లేదు. సుమారు 60 కిలోమీటర్ల ఆ దారిలో అంతకుముందు ఎడ్లబండ్లే దిక్కు.

కొద్ది సంవత్సరాలలోనే బస్సుల సంఖ్య పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.) ఏర్పడింది. వేళకు బయలుదేరడం, వేళకు చేరడం ఈ సంస్థకు పేరు తెచ్చాయి. నాయుడు సమయపాలన విషయంలో చాలా కఠినుడు.

బస్సులను వేళకు నడపడం అన్నది టైం టేబులు వేసినంత మాత్రాన జరిగే పని కాదు. ఆనాటి బస్సులకు ఛాసిస్, ఇంజను విదేశాల నుండి వచ్చేవి, పైకట్టడం స్థానికంగా చెక్కతో కట్టేవారు. కంకర రోడ్ల మీద దుమ్ము, ఎండకు మరిగే రేడియేటరు, త్వరగా అరిగే క్లచ్చి, పగిలే స్ప్రింగు కట్టలు, చిరిగే టైర్లు మామూలు. ఒక భాగం కోసం ఓడ వచ్చే వరకు బస్సు షెడ్డులో నిలబడితే ఆ రోజుల రాబడి పోయినట్లే. అందువల్ల యు.ఎం.ఎస్. షెడ్డు క్రమంగా కర్మాగారంగా మారింది. టైర్లకు వల్కనైజింగు చేయడం, రేడియేటర్లు తయారు చేయడం, విడిభాగాలను లేతు మిషన్ల మీద తీయడం అక్కడే జరిగేవి. నాయుడు పరిశ్రమలలో చాలా వాటికి మూలం ఈ షెడ్డే. ఈయనను కేవలం ఆవిష్కర్తగా చెప్పే వ్యాసాలు తరచూ ఈ సంగతిని విస్మరిస్తాయి.

తొలి దేశీయ మోటారు

1930వ దశకం ఆరంభంలో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం నుండి కోయంబత్తూరుకు విద్యుత్తు వచ్చింది. దానితో నూలు మిల్లులు వరుసగా వెలిశాయి, పొలాల్లో మోటారు పంపులకు గిరాకీ పెరిగింది. మోటార్లు మాత్రం విదేశాల నుండే రావాలి. ఈ పరిస్థితిలో నాయుడు, డి.బాలసుందరం నాయుడు కలిసి పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో 1937లో విద్యుత్ మోటారును తయారుచేశారు. భారతదేశంలో తయారైన తొలి మోటారుగా దీనిని పేర్కొంటారు.

చూడటానికి మోటారు నిర్మాణం పెట్రోలు ఇంజను కంటే సులభం. కదలని బయటి భాగంలో రాగి తీగ చుట్టలు, వాటి మధ్య తిరిగే ఇరుసు, అంతే. అయితే ఈ రెండింటి నడుమ ఖాళీ చాలా సన్నంగా, చుట్టూ సమానంగా ఉండాలి. ఇరుసు ఏమాత్రం వంకర పోయినా, బేరింగు అరిగినా రెండూ రాసుకొని మోటారు కాలిపోతుంది. కోత, పోత, తరిణె పనులలో ఆరితేరిన చేతులు ఉన్న చోటే ఇది సాధ్యం. బస్సుల షెడ్డులో ఏళ్ళ తరబడి పెరిగిన పనితనం ఇక్కడ అక్కరకు వచ్చింది.

బాలసుందరం నాయుడు ఆ తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు. కోయంబత్తూరు మోటార్లకు, పంపుసెట్లకు దేశంలోనే ముఖ్య కేంద్రంగా మారింది. తెలుగునాట ఎన్నో బావుల మీద, బోర్ల మీద కనిపించే కోయంబత్తూరు పంపులకు, వంటింట ఇడ్లీ పిండి రుబ్బే వెట్ గ్రైండరుకు కూడా ఈ పరిశ్రమ వాతావరణమే పుట్టినిల్లు.

ఇతర పరికరాలు

నాయుడు పలుమార్లు ఐరోపా, అమెరికా దేశాలలో పర్యటించాడు. జర్మనీ ఈయనకు ప్రత్యేకించి నచ్చిన దేశం. రసాంట్ అనే పేరుతో బ్యాటరీతో పనిచేసే గడ్డం గీసుకునే యంత్రాన్ని రూపొందించాడు. దాని చిన్న మోటారు జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో తయారయ్యేది. అతి పలుచని బ్లేడ్లు, సినిమా కెమెరాకు దూరాన్ని సరిచేసే సాధనం, పండ్లరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంకా, మోసానికి తావులేని ఓట్ల నమోదు యంత్రం ఈయన ఇతర రూపకల్పనలు. మన దేశపు ఎన్నికలలో ఓటింగు యంత్రాన్ని తొలిసారి వాడినది 1982లో, కేరళలోని పరవూరులో. అప్పటికి నాయుడు మరణించి ఎనిమిదేళ్ళు గడిచాయి. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని ప్రకటించాడు.

ఫొటోగ్రఫీ పట్ల కూడా ఈయనకు మక్కువ ఎక్కువ. 1936 జనవరిలో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించాడు. మహాత్మా గాంధీ, జవహర్‌లాల్ నెహ్రూ, సుభాష్ చంద్రబోస్‌లను తన కెమెరాలో బంధించాడు. 1930వ దశకంలో శాసనసభ ఎన్నికలలో పోటీచేసి ఓడిపోయాడు. రాజకీయాలు ఈయనకు కలిసిరాలేదు.

వ్యవసాయంలో ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి మొక్కలపై ప్రయోగాలు చేశాడు. ఆ తోటలను చూడటానికి సర్ సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటివారు వచ్చారు.

సాంకేతిక విద్య

1944లో నాయుడు మోటారు సంస్థల నిర్వహణ నుండి తప్పుకొని, పరిశోధక విద్యార్థులకు, కార్మికుల సంక్షేమానికి, వెనుకబడిన వర్గాలకు విరాళాలు ప్రకటించాడు. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరిట ఒక పాలిటెక్నిక్కు, ఒక ఇంజనీరింగు కళాశాల ఈయన విరాళాలతో ఏర్పడ్డాయి. కళాశాలకు నాయుడే ప్రిన్సిపాలుగా వ్యవహరించాడు. ప్రాథమిక చదువు దాటని వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలు కావడం అరుదైన విషయం.

కానీ ఆ పదవి ఎంతోకాలం నిలువలేదు. ఇంజనీరింగుకు నాలుగేళ్ళు అనవసరమని, పని చేస్తూ నేర్చుకునే పద్ధతిలో రెండేళ్ళు చాలునని నాయుడు వాదించాడు. ప్రభుత్వం అంగీకరించలేదు. నాయుడు రాజీనామా చేశాడు. ఈ వివాదంలో రెండు వైపులా న్యాయం ఉంది. గణితం, పదార్థ బలం వంటి శాస్త్రాలు షెడ్డులో పట్టుబడవు, వంతెన కట్టేవాడికి, టర్బైను రూపొందించేవాడికి అవి తప్పనిసరి. అయితే ఇంజనును ఒక్కసారైనా చేత్తో విప్పకుండానే పట్టా పుచ్చుకునే విద్యార్థుల గురించిన ఫిర్యాదు ఇన్నేళ్ళకు కూడా వినిపిస్తూనే ఉన్నది. ఆ కళాశాల తరువాత వేరే చోటికి మారి ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. అది మొదట ఉన్న ప్రాంతాన్ని నేటికీ హోప్ కాలేజీ అనే అంటారు, ఆ పేరు ఎలా వచ్చిందో తెలిసినవారు మాత్రం తక్కువ.

రెండు వేల రూపాయల కారు

1952లో నాయుడు రెండు సీట్ల పెట్రోలు కారును బయటకు తెచ్చాడు. ధర సుమారు రెండు వేల రూపాయలుగా నిర్ణయించాడు. దేశంలో అప్పటికి కార్ల కంపెనీలు లేకపోలేదు. హిందుస్థాన్ మోటార్స్ 1942లో, ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లో, మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1948లో ఏర్పడ్డాయి. అయితే ఇవి విదేశీ కంపెనీల నమూనాలను తెచ్చి, భాగాలను ఇక్కడ బిగించి అమ్మేవి. ఆ కార్లు ధనికుల కోసమే. రెండు వేలకు కారు అంటే చిన్న వ్యాపారి, వైద్యుడు, ఓ మోస్తరు రైతు కూడా ఆలోచించగల ధర.

అదే సమయంలో పారిశ్రామిక లైసెన్సుల విధానం మొదలైంది. 1951 నాటి పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం 1952 మే నెలలో అమలులోకి వచ్చింది. జాబితాలో ఉన్న పరిశ్రమలలో కొత్త కర్మాగారం పెట్టాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. మోటారు వాహనాలు ఆ జాబితాలో ఉన్నాయి. విదేశీ మారకం, ఉక్కు కొరతగా ఉన్న రోజుల్లో వాటిని ఎవరికివ్వాలో ప్రభుత్వమే తేల్చాలన్నది ఆ విధానం వెనుక ఆలోచన. నాయుడు కారుకు లైసెన్సు లభించలేదు. ఉత్పత్తి అంతటితో ఆగిపోయింది.

షెడ్డులో ఒక కారు తయారు చేయడానికి, ఏడాదికి వేల కార్లు తయారు చేయడానికి చాలా తేడా ఉన్నమాట నిజమే. గేర్ల పెట్టె, వెనుక ఇరుసులోని డిఫరెన్షియలు వంటి భాగాలను వేల సంఖ్యలో ఒకే కొలతతో తీయాలంటే పెద్ద పెట్టుబడి కావాలి. ఆ ధరకు ఆ కారు నిలబడి ఉండేదా అన్నది తేలాలంటే దానిని అమ్మి చూడాలి. ఆ అవకాశమే రాలేదు. తోటను చూడవచ్చిన విశ్వేశ్వరయ్యకు సైతం ఇటువంటి అనుభవమే ఉండటం గమనార్హం. 1930వ దశకంలో ఆయన సిద్ధం చేసిన కార్ల కర్మాగారం పథకానికి బ్రిటిష్ ప్రభుత్వ సహకారం లభించలేదు. సామాన్యుని కారు మాట ఆ తరువాత ఎన్నో కమిటీలలో నలిగి, చివరకు 1983 డిసెంబరులో మారుతి 800 రూపంలో రోడ్డెక్కింది. అది కూడా జపానుకు చెందిన సుజుకి సహకారంతో, ప్రభుత్వ రంగ సంస్థ ద్వారా. నాయుడు కారుకు, దానికి మధ్య దూరం 31 సంవత్సరాలు.

మరణం, స్మారకాలు

నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. ఆయన కుమారుడు జి.డి.గోపాల్ సంస్థల బాధ్యతను స్వీకరించాడు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులోని ప్రెసిడెంట్ హాలులో నాయుడు తయారు చేసిన, సేకరించిన పరికరాల ప్రదర్శన ఉంది. అదే రోడ్డులో 2015లో జీడీ కార్ల మ్యూజియం ప్రారంభమైంది. తండ్రీ కొడుకుల కాలంలో సేకరించిన పలు దేశాల పాత కార్లను మరమ్మత్తు చేసి ఇక్కడ ఉంచారు. కార్ల చరిత్ర, ఇంజన్ల నిర్మాణం నేర్చుకోదలచిన విద్యార్థులకు ఇది చూడదగిన చోటు.

నాయుడు జీవితంపై ఫిల్మ్స్ డివిజన్ నిర్మించిన డాక్యుమెంటరీకి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ శాస్త్ర సాంకేతిక చిత్రంగా అవార్డు లభించింది. అవినాశి రోడ్డుపై నిర్మించిన 10.1 కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం ఈయన పేరు పెట్టింది. 2025 అక్టోబరు 9న ముఖ్యమంత్రి ఎం.కె.స్టాలిన్ దానిని ప్రారంభించాడు. ఆ వంతెన హోప్ కాలేజీ ప్రాంతం మీదుగానే సాగుతుంది.